మీ స్టాఫ్‌రూమ్‌లో జరగాల్సిన పని మా జిరాక్స్ షాపులో జరుగుతోంది

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకి, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకి నమస్కారం.

నేను గుంటూరు బ్రాడీపేటలో జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. మీకు నేను తెలియకపోవచ్చు గానీ మీ కాలేజీల లెటర్‌హెడ్లు, హెచ్‌ఓడీల సంతకాలు, రౌండ్ సీళ్లు నాకు బాగా తెలుసు. మీ పిల్లలు చదువు ముగించి ఉద్యోగానికో పై చదువుకో బయల్దేరే ముందు మా కౌంటర్ దగ్గర ఆగుతారు. రెజ్యూమె ప్రింటు ఇక్కడే, ప్రాజెక్టు బైండింగ్ ఇక్కడే, ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్ష అప్లికేషన్‌కి ఫోటో సైజు తగ్గించేది ఇక్కడే. అమెరికా యూనివర్సిటీకి పంపే రికమండేషన్ లెటర్ టైపయ్యేదీ ఇక్కడే.

ప్రింటు కోసం వస్తే నాకు సంతోషమే, నా బతుకుతెరువు అదే. కానీ పిల్లలు ప్రింటుతో పాటు సలహా కూడా ఇక్కడే అడుగుతున్నారు. "అంకుల్, ఇందులో ఏం రాయమంటారు?" "అంకుల్, గేట్‌కి అప్లై చేస్తే మంచిదా, ఎంఎస్‌కి వెళ్తే మంచిదా?" డిగ్రీతో చదువాపేసి షాపు పెట్టుకున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నలా ఇవి? మూడేళ్లు, నాలుగేళ్లు పాఠాలు చెప్పిన మిమ్మల్ని అడగాల్సినవి. వాళ్లు మిమ్మల్ని అడగడం లేదంటే దానికి కారణాలున్నాయి. వాటి గురించే ఈ లేఖ.

ముందు రెజ్యూమె సంగతి. రేపు పొద్దున తొమ్మిదింటికి ప్లేస్‌మెంట్ డ్రైవ్ అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడిందంటే సాయంత్రం అయ్యేసరికి మా షాపు కిటకిటలాడుతుంది. ఎవరో సీనియర్ చేసిన ఫైలు చేతులు మారి మారి వీళ్లదాకా వస్తుంది. పైన పేరు, ఫోన్ నంబరు మార్చి ప్రింటు కొట్టమంటారు. ఆ మొదటి లైను నాకు కంఠతా వచ్చు: "టు వర్క్ ఇన్ ఎ ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్". కింద స్ట్రెంగ్త్స్: హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్, పాజిటివ్ యాటిట్యూడ్. హాబీలు: పాటలు వినడం, క్రికెట్ ఆడటం. చివర డిక్లరేషన్. ఒకసారి వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరబ్బాయిల రెజ్యూమెల్లో తండ్రి పేరు ఒకటే కనపడింది. అన్నదమ్ములా బాబూ అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పేరు సీనియర్ వాళ్ల నాన్నది. మార్చడం ఇద్దరూ మర్చిపోయారు. షాపులో అందరం పడీపడీ నవ్వాం. కానీ మేము చూశాం కాబట్టి నవ్వుతో సరిపోయింది. కాలేజీలో ఆ కాగితాన్ని ఎవరూ చూడలేదు, ఇంటర్వ్యూ టేబుల్ మీద చూస్తే నవ్వి ఊరుకోరు.

ఇంకో అమ్మాయి సంగతి చెబుతాను. బీకామ్ కంప్యూటర్స్. స్కిల్స్ దగ్గర "ఎంఎస్ ఆఫీస్" అని ఒక్క ముక్క ఉంది. ఎక్సెల్ వచ్చా అని మాటవరసకి అడిగాను. వాళ్ల నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. సీజన్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కంతా రాత్రిపూట ఈ అమ్మాయే ఎక్సెల్‌లో ఎక్కిస్తుందట. ఏ రైతువి ఎన్ని టిక్కీలు, తూకం ఎంత, రేటెంత, కమిషన్, హమాలీ పోను చేతికొచ్చేది ఎంత. రైతు ఫోన్ చేస్తే వాళ్ల నాన్న నిమిషంలో చెప్పేలా షీటు తనే కట్టుకుంది. మరి ఇది రెజ్యూమెలో ఎందుకు రాయలేదమ్మా అంటే, "అదేం పనండీ, ఇంట్లో చేసేదే కదా" అంది. హార్డ్ వర్కింగ్ తీసేయించి ఈ సంగతి నాలుగు లైన్లలో పెట్టించాను. అకౌంట్స్ ఉద్యోగం ఇచ్చేవాడికి పాటలు వినే హాబీ కన్నా ఇది కదా కావాల్సింది!

దీనికి పెద్ద నిపుణులు అక్కర్లేదు. పదిహేను నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని "నువ్వు ఏమేం చేశావు?" అని అడిగే మనిషి చాలు. సీఆర్‌టీ, అంటే క్యాంపస్ ఇంటర్వ్యూల శిక్షణ పేరుతో బయటి ట్రైనర్లని పిలిచి రైళ్ల లెక్కలు, పడవల లెక్కలు చెప్పిస్తున్నారు. రాత పరీక్షకి అవి పనికొస్తాయి, కాదనను. కానీ ఆ ట్రైనర్‌కి ఈ అమ్మాయి ఎవరో తెలియదు. మీకు తెలుసు. కనీసం తెలిసే అవకాశం ఉంది.

ఇంటర్న్‌షిప్ గురించి చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది. దాన్ని తప్పనిసరి చేసిన ఉద్దేశం మంచిదే, పిల్లలు ఎక్కడో ఒకచోట పని కళ్లారా చూసి రావాలని. జరుగుతున్నది వేరు. ఆన్‌లైన్‌లో డబ్బు కడితే సర్టిఫికెట్ పీడీఎఫ్ వస్తుంది. దాన్ని మందపాటి పేపరు మీద కలర్ ప్రింటు తీయించుకుంటారు. ఒకే కంపెనీ, ఒకే తేదీలు, ఒకే ముద్ర. మారేది పేరొక్కటే. దానికి రిపోర్టు, స్పైరల్ బైండింగ్. ఆ రిపోర్టుని మీ డిపార్ట్‌మెంట్‌లో తెరిచి చదివిన గుర్తు నాకు కనపడదు. ఎందుకంటే తప్పులు దిద్దుకుని రెండో ప్రింటుకి వచ్చేవాళ్లు చాలా అరుదు.

విజయవాడ ఆటోనగర్ ఎంత దగ్గర? మెకానికల్ పిల్లలు లారీ బాడీ కట్టడం నుంచి ఇంజన్ పని దాకా అక్కడ చూడొచ్చు. ఎలక్ట్రికల్ వాళ్లకి ఇబ్రహీంపట్నంలో థర్మల్ పవర్ స్టేషన్ ఉంది. అగ్రికల్చర్, బయాలజీ వాళ్లకి గుంటూరు పక్కనే లాం వ్యవసాయ పరిశోధన ఫారం. అకౌంట్స్ పిల్లలకి అరండల్‌పేటలో, గవర్నర్‌పేటలో ఆడిటర్ల ఆఫీసులు. పిల్లవాడు ఒంటరిగా గేటు దగ్గరికి వెళ్తే సెక్యూరిటీ గార్డే వెనక్కి పంపేస్తాడు. ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్, వెనక ఒక ఫోన్ కాల్ ఉంటే మాట వేరు. ఆ లెటర్ టైపు చేయించుకోవడానికి మాత్రం మా షాపుకి ఎవరూ రారు.

ప్రాజెక్టులదీ అదే దారి, డబ్బిచ్చి కొనుక్కోవడమే. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, క్రెడిట్ కార్డ్ ఫ్రాడ్ డిటెక్షన్, క్రాప్ ప్రెడిక్షన్. ఏటా అవే పేర్లు, అదే నల్ల రెగ్జిన్ అట్ట, అవే బంగారు అక్షరాలు. ఫ్రెషర్ ఇంటర్వ్యూలో ముందు అడిగేది ప్రాజెక్టు గురించే. కొనుక్కున్న ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్నకే నోరు పెగలదు. హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లి మళ్లీ డబ్బు పోసి కోర్సులు నేర్చుకునేది అందుకే.

రికమండేషన్ లెటర్ల దగ్గర మాత్రం మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేస్తే సాధారణంగా రెండో మూడో లెటర్లు అడుగుతారు. సార్ దగ్గరికి వెళ్తే ఒకటే మాట: "నువ్వే రాసుకొచ్చెయ్, సంతకం పెడతా." కన్సల్టెన్సీ ఇచ్చిన నమూనా పట్టుకుని పిల్లవాడు నా దగ్గరికి వస్తాడు. ముగ్గురు సార్ల పేర్లతో మూడు లెటర్లు, మూడింటిలో అదే ఇంగ్లీషు, అవే పొగడ్తలు. ప్రతి లెటర్లో ఆ పిల్లవాడు క్లాసులో టాప్ ఫైవ్ పర్సెంట్. ఒకే సెక్షన్ వాళ్లకి వరసపెట్టి టైపు చేస్తూపోతే, మీ కాలేజీలో అందరూ టాప్ ఫైవ్ పర్సెంట్‌లోనే ఉన్నారని తేలింది.

ఇప్పుడు చాలా యూనివర్సిటీలు లెటర్ పిల్లవాడి చేతికి ఇవ్వనివ్వవు. సార్ మెయిల్‌కే లింకు పంపుతాయి, అదీ కాలేజీ పేరున్న మెయిల్ ఐడీ కావాలంటాయి. మీ లెక్చరర్లలో ఎంతమందికి అలాంటి ఐడీ ఉంది? ఉన్నా ఎంతమంది తెరుస్తారు? చివరికి కొందరు పిల్లలు సార్ పేరు మీద జీమెయిల్ తెరిచి లెటర్ వాళ్లే అప్‌లోడ్ చేసుకుంటున్నారు. అది బయటపడితే అడ్మిషన్ పోతుంది, ఆ కాలేజీ నుంచి తర్వాత అప్లై చేసేవాళ్ల మీదా అనుమానం పడుతుంది. దీనికి పిల్లలనే తప్పుపట్టలేను. "బాబూ, లింకు పంపు, ఆదివారం కూర్చుని రాస్తాను" అని ఒక్క సార్ అన్నా ఇంతదాకా వచ్చేది కాదు. ఆ రాసేది కూడా గొప్ప ఇంగ్లీషులో ఉండక్కర్లేదు. ల్యాబ్‌లో ఫలానా రోజు ప్రోగ్రాం ఆగిపోతే అందరూ వెళ్లిపోయినా వీడు కూర్చుని తప్పు పట్టుకున్నాడు అని రాసినా, టాప్ ఫైవ్ పర్సెంట్ కన్నా దానికే విలువ. అది మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు.

తేదీల సంగతీ అంతే. ఆగస్టు, సెప్టెంబరులో మొదలయ్యే చదువుకి చాలా అమెరికా యూనివర్సిటీల గడువు అంతకు ముందటి డిసెంబరు, జనవరిలోనే అయిపోతుంది. అంటే ఫైనలియర్ మొదట్లోనే టోఫెల్ లాంటివి, యూనివర్సిటీ అడిగితే జీఆర్‌ఈ కూడా రాసేసి ఉండాలి, దసరా లోపే సార్లని లెటర్లు అడిగి ఉండాలి. జీఆర్‌ఈ స్కోరు అయిదేళ్లు, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్లు చెల్లుతాయి కాబట్టి ముందే రాసుకుంటే నష్టం లేదు. మరి మా దగ్గరికి సంక్రాంతి అయ్యాక వచ్చి "అంకుల్, ఎస్‌ఓపీ అంటే ఏంటి?" అంటున్నారు. ఆ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నారో అప్లికేషన్‌తో పాటు రాసి పంపాల్సిన వ్యాసం అది.

ఇవన్నీ కన్సల్టెన్సీలు చూసుకుంటాయి కదా అని మీరనొచ్చు. చూసుకుంటాయి, కాకపోతే కమీషన్ ఇచ్చే యూనివర్సిటీ పేరే ముందు వినపడుతుంది. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవ మనవాళ్లు అప్పుడే మర్చిపోయారా? అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. క్లాసుల్లేవు, మాస్టార్లు లేరు. అందులో చేరి అరెస్టయిన వాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతోమంది. వాళ్లని చేర్పించింది మధ్యలో ఉన్న రిక్రూటర్లే. ఏ యూనివర్సిటీకి గుర్తింపు ఉంది, ఎవరి దగ్గర క్లాసులు నిజంగా జరుగుతాయి అని చూసి చెప్పే మనిషి కాలేజీలోనే ఒకరుంటే పిల్లలు హోర్డింగ్ చూసి పరిగెత్తరు.

ఇక్కడే చదువుదామనుకునేవాళ్లకి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. గేట్ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది, అప్లికేషన్లు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలోనే మొదలవుతాయి. థర్డియర్‌లో ఉండగానే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ వచ్చే వీలుంది. ఫీజులకి భయపడి ఎంటెక్ వద్దనుకున్న ఒకబ్బాయికి ఈ ముక్క చెప్తే నమ్మలేదు, నా కంప్యూటర్‌లోనే చూపించాను. డిగ్రీ పిల్లలైతే మరీను. బీఎస్సీ చదివి ఐఐటీలో ఎమ్మెస్సీ చెయ్యొచ్చని, దానికి జామ్ అనే పరీక్ష ఉందని, సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీకి సీయూఈటీ ఉందని తెలిసినవాళ్లు మా కౌంటర్ దగ్గర అరుదు. ఐసెట్ తెలుసు, బీఈడీ తెలుసు, గ్రూప్స్ కోచింగ్ తెలుసు. ఐఐటీ అనేది ఇంటర్‌తోనే మూసుకుపోయిన తలుపు అనుకుంటున్నారు.

పేర్ల తకరారు గురించి చెప్పకపోతే మా షాపువాళ్ల గోడు పూర్తికాదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాన్ కార్డులో పొడి అక్షరం, పాస్‌పోర్టులో అంతా కలిపి ఒకే గడిలో. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఆ చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, అక్కడికి వెళ్లాక బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి అన్నిచోట్లా వివరణ ఇచ్చుకోవాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లోనూ ఇదే టెన్షన్. జాయినింగ్ తేదీ పెట్టుకుని ఆధార్ సెంటర్ చుట్టూ, నోటరీ చుట్టూ తిరిగే పిల్లలని చూస్తే జాలేస్తుంది. సెకండియర్‌లోనే ఒక పూట అందరి చేత కార్డులన్నీ తెప్పించి, టెన్త్ మెమోతో పోల్చి చూపిస్తే తీరిపోయే పని ఇది.

ఇక సర్టిఫికెట్లు. కాలేజీ పేరు రాయను. ఒకబ్బాయికి బెంగళూరులో సోమవారం జాయినింగ్. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుంచి ఇంకా రాలేదు, ఆ డబ్బు మీరు కట్టేసి తీసుకెళ్లండి, వచ్చాక తిరిగిస్తాం అన్నారట. వాళ్లమ్మ తెనాలి నుంచి బస్సులో వచ్చి మా షాపులో నిలబడి ప్రిన్సిపాల్ గారికి అర్జీ టైపు చేయించుకుంది. "ప్రభుత్వం డబ్బు ఎలాగూ మీకు వస్తుంది, మా వాడి ఉద్యోగం పోకుండా చూడండి" అని ఆమె చెబుతుంటే నేను టైపు కొట్టాను. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని, చూసుకుని తిరిగి ఇచ్చెయ్యాలని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రభుత్వం మీకు బాకీ పడటం నిజమే, మీ జీతాల కష్టాలూ నిజమే. ఆ బాకీ వసూలుకి మీరు అమరావతి వెళ్లాలి గానీ ఆ తల్లిని తెనాలి నుంచి రప్పించడం ఏం న్యాయం?

మీ ఫ్లెక్సీల గురించి ఒక్క మాట. బస్టాండ్ దగ్గర్నుంచి బెంజ్ సర్కిల్ దాకా మీ పిల్లల ఫోటోలు, కింద ప్యాకేజీల అంకెలు. ఒకే పిల్లవాడికి మూడు ఆఫర్లొస్తే మూడు ప్లేస్‌మెంట్లుగా లెక్క. పాపం, ఫ్లెక్సీ మీదున్న పిల్లవాడే ఆరు నెలల తర్వాత జాయినింగ్ లెటర్ రాలేదని నా దగ్గరికి వచ్చి రెజ్యూమె ప్రింటు తీయించుకున్నాడు. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకి ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకి దరఖాస్తు పెట్టే కాలేజీలు ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పై చదువులకి వెళ్లారు, మధ్యస్థ జీతం ఎంత అని వివరంగా రాసి ఢిల్లీకి పంపుతాయి. మరి అదే లెక్క నోటీసు బోర్డు మీద ఎందుకు పెట్టరు? కొమ్మున ఉన్న ఒక్కడి జీతం చూసి మిగతావాళ్లు ఏం సిద్ధపడతారు? తమలాంటి మార్కులున్న సీనియర్లు ఎక్కడ తేలారో తెలిస్తే సెకండియర్ నుంచే ఒక దారి ఎంచుకుంటారు.

లెక్చరర్లని నేను తిట్టడం లేదు. కాలేజీల నాణ్యత చూసే నాక్ టీమ్ వస్తోందంటే మీ ఫైళ్లకి బైండింగ్ చేసేది కూడా నేనే. అర్ధరాత్రి దాకా షాపులో కూర్చుని పేజీ నంబర్లు వేసుకునే లెక్చరర్లని చూశాను. వేసవిలో వాళ్లనే అడ్మిషన్ల కోసం ఊళ్లకి పంపుతారు, ఇంతమందిని చేర్పించాలని టార్గెట్ పెడతారు. అలసిపోయిన మనిషి "నువ్వే రాసుకొచ్చెయ్" అనక ఏమంటాడు? అందుకే ఈ లేఖ వాళ్లకి కాదు, వాళ్ల టైమ్‌టేబుల్ వేసే మీకు. వారానికి ఒక పీరియడ్, ఒక్కో లెక్చరర్‌కి కొద్దిమంది పిల్లలు, సెకండియర్ నుంచే. ఆ పీరియడ్‌లో పాఠం చెప్పొద్దు, స్లైడ్లు వెయ్యొద్దు, ఫోటోలు తీసి ఫైలులో పెట్టొద్దు. పిల్లలతో మాట్లాడితే చాలు.

నా వంతుగా ఒకటి చేస్తాను. గేట్, జామ్, సీయూఈటీ, జీఆర్‌ఈ, పాస్‌పోర్టు, ట్రాన్‌స్క్రిప్టులు ఏ నెలలో చూసుకోవాలో ఒక పేజీలో రాసి పంపండి. మీ సెకండియర్ పిల్లలందరికీ సరిపడా కాపీలు నేనే వేసిస్తాను, పేపరు ఖర్చు కూడా నాదే. తేదీలు సరిచూసి కింద సంతకం పెట్టాల్సింది, అనుమానమొస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ సార్ పేరు, గది నంబరు రాయాల్సింది మాత్రం మీరే.

ఇట్లు,
బ్రాడీపేటలో ఒక జిరాక్స్ షాపు యజమాని,
గుంటూరు